లైవ్ ఆల్బమ్ నిజంగా లైవేనా?

ఈరోజు నన్ను చాలా ఏళ్ళు ఇబ్బంది పెట్టిన ఒక విషయం మాట్లాడుకుందాం.

హాస్టల్లో ఉన్నప్పుడు ఒక ఫ్రెండ్‌తో నాకు పెద్ద వాదన. "మెటల్ సింగర్లు స్టూడియోలో అరుస్తారు గానీ స్టేజి మీద ఆ శ్రుతి అందుకోలేరు" అన్నాడు వాడు. నేను వెంటనే జూడాస్ ప్రీస్ట్ వాళ్ళ 'అన్‌లీష్డ్ ఇన్ ది ఈస్ట్' పెట్టి వినిపించాను. 1979లో టోక్యోలో రికార్డ్ చేసిన ఆల్బమ్. వాడు నోరు మూసుకున్నాడు, నేను గెలిచాను.

చాలా ఏళ్ళకి తెలిసింది, అందులో రాబ్ హాల్‌ఫర్డ్ గొంతు కచేరీ తర్వాత మళ్ళీ పాడి కలిపిందని. ఆ మాట హాల్‌ఫర్డే ఒప్పుకున్నాడు. అంటే నేను గెలిచిన వాదన దొంగ సాక్ష్యంతో గెలిచినట్టే కదా!

ఇదెలా సాధ్యం? ఒక్కో వాయిద్యం, ఒక్కో గొంతు వేరు వేరు ట్రాకుల మీద రికార్డవుతుంది. బాగోలేని ట్రాకు తీసేసి, స్టూడియోలో మళ్ళీ వాయించి ఆ చోట పెట్టొచ్చు. దీన్నే ఓవర్‌డబ్ అంటారు. కాకపోతే ఒక చిక్కుంది. స్టేజి మీద గిటార్ మోత డ్రమ్ముల మైకుల్లోకి కూడా దూరుతుంది. పాత గిటార్‌ని పూర్తిగా తుడిచెయ్యడం అంత తేలిక కాదు.

థిన్ లిజ్జీ 'లైవ్ అండ్ డేంజరస్' (1978) గొడవ ఇక్కడే. అందులో 75 శాతం స్టూడియోలో చేసిందే అన్నాడు నిర్మాత టోనీ విస్కాంటి. కాదు, 75 శాతం లైవే అంది బ్యాండ్ మేనేజ్‌మెంట్. అంకె ఒకటే, అర్థం తలకిందులు! మోటర్‌హెడ్ సంగతి ఇంకో రకం. 1981లో వచ్చిన వాళ్ళ ఆల్బమ్ పేరులో హ్యామర్‌స్మిత్ ఉంది, రికార్డింగ్ మాత్రం అక్కడిది కాదు.

మరి దేన్ని నమ్మాలి? నాకు సమాధానం మళ్ళీ జపాన్ నుంచే దొరికింది. 1972 ఆగస్టులో ఒసాకాలో రెండు రాత్రులు, టోక్యోలో ఒక రాత్రి డీప్ పర్పుల్ వాయించిందే 'మేడ్ ఇన్ జపాన్'. ఆ కచేరీల్లో తన గొంతు ఇయాన్ గిలన్‌కే నచ్చలేదు. అయినా మళ్ళీ పాడి అతికించలేదు, అలాగే వదిలేశారు. గిలన్ కేక పెడితే బ్లాక్‌మోర్ గిటార్ దానికి బదులిస్తుంది. ఆ క్షణంలో ఒకరినొకరు వింటూ వాయిస్తున్నారని మనకి తెలిసిపోతుంది. తర్వాత ఒంటరిగా స్టూడియోలో కూర్చుని పాడితే శ్రుతి కుదురుతుందేమో, ఆ బదులు మాత్రం రాదు.

అందుకని ప్రీస్ట్ ఆల్బమ్ పారేశానా? లేదండీ, ఇప్పటికీ వింటాను. మంచి ఆల్బమ్ అది. కాకపోతే ఇప్పుడు దాన్ని సాక్ష్యంగా చూపించను. తప్పు దిద్దుకోవడం నా దృష్టిలో నేరం కాదు. దిద్దామని అట్ట మీద ఒక్క ముక్క రాస్తే చాలు.

ఆ ఫ్రెండ్‌కి మొన్న ఫోన్ చేసి, ఆ రోజు నేను గెలవలేదురా అని చెప్పేశాను.