వేసవి ముచ్చట్లు - ఇంగ్లీషు సాధన

జూన్ నెలలో బడులు తెరచిన మొదటి వారమున ఇంగ్లీషు ఉపాధ్యాయుడు పిల్లలను తప్పక అడుగు ప్రశ్న యొకటి ఉన్నది: వేసవి సెలవులు ఎట్లు గడపితిరి? దేశమున ఏ మూలకు పోయినను ఇదే ప్రశ్న. వ్యాసరచన పుస్తకములలో దీనికి సమాధానము సిద్ధముగా అచ్చువేసి ఉండును. ఆ సమాధానములో ఒక కుటుంబము రైలెక్కి ఊటీకో సిమ్లాకో పోవును, చల్లగాలి పీల్చును, పడవ షికారు చేయును, ఫొటోలు తీసికొని తిరిగి వచ్చును. తంగళ్ళపల్లి బడిలో కూర్చున్న బాలిక ఆ నాలుగు వాక్యములను కంఠస్థము చేసి ఒప్పగించును. మార్కులు వచ్చును. ఇంగ్లీషు మాత్రము రాదు.

తంగళ్ళపల్లి సిరిసిల్ల పట్టణమునకు మానేటి ఆవలి ఒడ్డున ఉన్నది. నడుమ వంతెన. 2016 అక్టోబరులో రాజన్న సిరిసిల్ల జిల్లా ఏర్పడినపుడు ఇది మండలకేంద్రమైనది. ఈ ప్రాంతమున వేసవి యనగా ఏమో ఇక్కడివారిని అడిగి తెలిసికొనవలెను గాని వ్యాసరచన పుస్తకమును అడుగరాదు. పగలెల్ల మరమగ్గముల చప్పుడు. తల్లి గడపదగ్గర కూర్చుండి బీడీలు చుట్టుచుండగా పిల్ల ఆకు కత్తిరించి ఇచ్చును. పిల్లవాడు సాంచెల దగ్గరకు పోయి కండెలు చుట్టును. ఒక ఆదివారమో సోమవారమో బస్సెక్కి వేములవాడకు పోయి, ధర్మగుండములో స్నానము చేసి, రాజన్నకు కోడెను కట్టి వత్తురు. కొందరు కొండగట్టుకు, మరికొందరు గోదావరి స్నానమునకై ధర్మపురికి పోదురు. అమ్మమ్మ ఇల్లు జగిత్యాల వైపున ఉన్నవారికి మామిడిపండ్లు. తాటిచెట్లు ఉన్న ఊరివారికి ముంజలు. మగ్గముపని వెదకుకొనుచు భీవండికో షోలాపూరుకో సూరతుకో తరలిపోయిన మేనమామ ఆ నెలలోనే పెండ్లికి ఇంటికి వచ్చును. దుబాయి నుండి బాపు వచ్చుట వేసవిలో జరిగిన యెడల ఆ ఇంట ఆ వేసవికి సాటి మరియొకటి లేదు.

ఇందులో చెప్పదగిన ప్రయాణము లేదని ఎవరనగలరు? సిమ్లా పోయినవాడు ఒక ఊరు చూచి వచ్చినాడు. ఈ పిల్లల ఇండ్లలోనికి ఎడారి దేశముల వార్తలు ప్రతి రాత్రియు ఫోనులో వచ్చుచున్నవి.

మన భాషలో యాత్రావృత్తాంతములకు వరవడి పెట్టిన ఏనుగుల వీరాస్వామయ్యగారు ఇంగ్లీషు బాగుగ నేర్చినవారు. ఆ భాషయే వారి జీవనాధారము. మద్రాసు సుప్రీముకోర్టులో వారు ప్రధాన ద్విభాషి. 1830 మే నెలలో బయలుదేరి హైదరాబాదు మీదుగా కాశికి పోయి, 1831 సెప్టెంబరులో మద్రాసు చేరిరి. ఆ పదునైదు నెలల కథను వారు తెలుగులోనే వ్రాసిరి. 1838లో అది అచ్చుపడినది. దారిలో మంచినీరు ఎక్కడ దొరకును, ఏ ఊరిలో దినుసులు దొరకును, ఏ దారి ఎట్లున్నది - ఇవే అందులోని విషయములు. కంటికి కనబడినదానిని చెప్పుట మొదటి పని. ఏ భాషలో చెప్పుట యనునది దాని తరువాతిది. ఇంగ్లీషులో సంభాషణ సాధన చేయదలచినవారు మొదట తమ వేసవిని తెలుగులో, తమ ఇంటి తెలుగులో, ఐదు నిమిషములు చెప్పుకొనవలెనని మా సలహా. చెప్పవలసిన సంగతి దొరకిన పిమ్మట మాటలు వెదకుట అంత కష్టము కాదు.

పరభాషలో చదువుట ఈ నేలకు కొత్తయు కాదు. వేములవాడ దగ్గరి హనుమాజీపేటలో 1931లో పుట్టిన సి. నారాయణరెడ్డిగారు ఉర్దూ మాధ్యమమున చదివి, తెలుగు కవియై, 1988వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము నందిరి. 2022-23 విద్యాసంవత్సరము నుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఒకటి మొదలు ఎనిమిదవ తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమము ప్రవేశపెట్టిరి. పుస్తకము ఇంగ్లీషున ఉన్నది; నోట మాత్రము ఇంగ్లీషు లేదు. ఆ నోటిని గూర్చియే ఇప్పుడు చెప్పుదుము.

మొదట ఉచ్చారణను గూర్చి ఒక్క మాట. తెలుగు పదము అచ్చుతో ముగియును. ఇంగ్లీషు పదము తరచు హల్లుతో ముగియును. మనము బస్సును 'బస్సు' చేసికొంటిమి, రైలును 'రైలు' చేసికొంటిమి. అది తెలుగునకు అందమే. కాని ఆ ఉకారమును ఇంగ్లీషు వాక్యములోనికి తీసికొనిపోయి 'వి వెంటు బై బస్సు' అనినచో వినువాడు తడబడును. 'వి వెంట్ బై బస్' అని చివరి హల్లును అక్కడనే ఆపవలెను. బస్సులో పోయితిమి గదా యని 'ఇన్ బస్' అనరాదు. 'బై బస్' అనవలెను. నడచి పోయినచో 'ఆన్ ఫుట్'. అమ్మమ్మ ఇంటికి పోవుటకు 'టు' కావలెను, స్వగృహమునకు తిరిగి వచ్చుటకు అక్కరలేదు: 'ఐ వెంట్ టు మై గ్రాండ్‌మదర్స్ హౌస్', కాని 'ఐ కేమ్ హోమ్'. 'ఎంజాయ్' అను క్రియ ఒంటరిగా నిలువదు. దేనిని అనుభవించితివో చెప్పవలెను. 'వి ఎంజాయ్డ్ ఎ లాట్' అని మన పిల్లలందరును వ్రాయుదురు. 'వి ఎంజాయ్డ్ ది మాంగోస్' అనినచో వాక్యము నిండును, నోరును ఊరును.

ముంజలను ఇంగ్లీషులో ఏమందురని అడుగుదురు. నిఘంటువు వెదకి ఒక పేరు పట్టుకొనుటకంటె 'ముంజ' అనియే చెప్పి, 'ఇట్ ఈజ్ ది సాఫ్ట్ సీడ్ ఆఫ్ ది పామైరా ఫ్రూట్' అని వివరించుట మేలు. కోడెమొక్కు సంగతియు ఇంతే. తెలియనివానికి తెలియునట్లు చెప్పుటయే అసలైన సాధన. మగ్గముల విషయమున మన పిల్లలకు ఆ అవసరమైనను లేదు: బీము, షటిల్, వార్పిన్, పాలిస్టర్, షిఫ్టు - ఇవన్నియు ఇంగ్లీషు నుండియే సాంచెల కొట్టములోనికి వచ్చినవి. తాను వేసవి మూడు వారములు కండెలు చుట్టినానని చెప్పుటకు సిగ్గుపడిన పిల్లవాని నోట ఊటీ సరస్సు పలికించుట మాకు నచ్చని పని. చదువుకొను పిల్లవానిని పనిలో పెట్టుట మంచిదని మా భావము కాదు. పని చేసినవాడు చేసితినని చెప్పుకొను హక్కు గలవాడని మాత్రమే.

ఇక బాపును గూర్చిన వాక్యము. ఇది కొంచెము నిలిచి చూడదగినది.

'మా బాపు ఆరేండ్లు దుబాయిల ఉన్నడు.' ఈ తెలుగు వాక్యమును వినిన వానికి బాపు ఇప్పుడు ఇంటనున్నాడో, ఇంకను అక్కడనే ఉన్నాడో తెలియదు. మన 'ఉన్నాడు' జరిగినదానికిని జరుగుచున్నదానికిని ఒక్కటే. ఇంగ్లీషు ఈ అస్పష్టతను ఒప్పుకొనదు. తిరిగి వచ్చినవాడైనచో 'మై ఫాదర్ వాజ్ ఇన్ దుబాయ్ ఫర్ సిక్స్ ఇయర్స్'. ఇంకను రానివాడైనచో 'మై ఫాదర్ హాజ్ బీన్ ఇన్ దుబాయ్ ఫర్ సిక్స్ ఇయర్స్'. మన పిల్లలు 'ఆరేండ్ల నుండి' అను మాటను యథాతథముగ మార్చి 'ఈజ్ ఇన్ దుబాయ్ ఫ్రమ్ సిక్స్ ఇయర్స్' అందురు. గడచిన కాలపు కొలతకు 'ఫర్', మొదలైన సంవత్సరమునకు 'సిన్స్' - 'సిన్స్ 2019' - అని బోర్డుమీద వ్రాసిన నియమము మరునాటికి మరచిపోవుదురు. తండ్రి వచ్చినాడా రాలేదా యను భేదము ఆ రెండు వాక్యములలో ఉన్నదని ఒక్కసారి చూపినచో మరవరు. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతముల బడులలో ఈ పాఠమునకు ఇంతకు మించిన ఉదాహరణము మాకు తోచదు.

అట్టిదే మరియొకటి. మధ్య మానేరు జలాశయము క్రింద చింతలఠాణా, చీర్లవంచ, అనుపురం వంటి ఊళ్ళు మునిగినవి. ఆ ఊళ్ళ అమ్మమ్మలు ఇప్పుడు పునరావాస కాలనీలలో ఉన్నారు. ఒకప్పుడు ప్రతి వేసవి పోయెడివారము, ఇప్పుడు పోవుటకు ఆ ఊరు లేదు - ఈ భావమునకు తెలుగులో 'పోయెడివారము' అను రూపమున్నది. ఇంగ్లీషులో 'యూజ్డ్ టు'. 'వి యూజ్డ్ టు గో దేర్ ఎవ్రీ సమ్మర్.' పాఠ్యపుస్తకములో దీనికి ఉదాహరణముగా ఎవడో చిన్నతనమున పాలు త్రాగెడివాడని ఉండును. ఆ వాక్యముతో మాకు కలహము లేదు. ఇక్కడి పిల్లలకు అంతకంటె దగ్గరి వాక్యము మానేటి నీటిలోనే ఉన్నది. పెద్దలను అడిగి చింతచెట్టు ఎక్కడ ఉండెడిది, బావి ఎక్కడ ఉండెడిది అని ఐదు వాక్యములు కూర్చుకొనిరా యని ఉపాధ్యాయుడు పంపినచో, మరునాడు తరగతిలో 'దేర్ యూజ్డ్ టు బి ఎ వెల్' అని ఆరంభించు గొంతులు తప్పక లేచును.

ఇంగ్లీషు 'వి' కొంత బీదది. మనకు 'మనము' అనియు 'మేము' అనియు రెండున్నవి, వారికి ఒక్కటే. కావున ఎవరెవరు పోయిరో విడమరచి 'మై మదర్, మై సిస్టర్ అండ్ ఐ' అని చెప్పుట అలవరచుకొనవలెను.

సాధన ఎట్లు? ఇద్దరు కావలెను, పదునైదు నిమిషములు కావలెను. ఒకరు అడుగవలెను, ఒకరు చెప్పవలెను; పిమ్మట మార్చుకొనవలెను. మన బడులలో సమాధానము చెప్పించుటయే గాని ప్రశ్న అడిగించుట అరుదు. అందుచేత పదవ తరగతి దాటినవారు కూడ 'వేర్ డిడ్ యు వెంట్' అందురు. 'డిడ్' వచ్చినపుడు గతకాలమును అదియే మోయును. 'గో' అనినచో చాలును. వేర్ డిడ్ యు గో? హూ డిడ్ యు గో విత్? హౌ లాంగ్ డిడ్ యు స్టే? ఈ మూడు నోటికి వచ్చినచో సంభాషణ నడచును. చెప్పుచున్నవానిని మధ్యలో ఆపి దిద్దరాదు. ముగిసిన పిమ్మట ఒక్క తప్పు, ఒక్కటి మాత్రమే, చూపవలెను. జోడు దొరకనివారు రాత్రి ఫోనులో బాపుతో రెండు వాక్యములు ఇంగ్లీషున మాటాడవచ్చును. బాపు ఇంగ్లీషు వ్యాకరణబద్ధము కాకపోవచ్చును. కాని సూపర్‌వైజరు మాటను, ఓవర్‌టైము లెక్కను చెవితో పట్టి బ్రదుకుచున్నవాడు. వినుటలో ఆయనను మించిన గురువు ఊరిలో అరుదు.

ప్రయాణపు ఇంగ్లీషు నేర్పు పుస్తకములు హోటలు గది అడుగుట, టికెట్టు కొనుట, చూడదగిన స్థలములను విచారించుట నేర్పును. ఇక్కడినుండి విమానమెక్కువారిలో ఎక్కువమంది చూచుటకు పోవువారు కారు. 1983 నాటి వలసల చట్టము క్రింద, పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారు గల్ఫు దేశములకు పనికి పోవుటకు ప్రత్యేకానుమతి పొందవలసి ఉన్నది. విజిట్ వీసాపై పోయి పనిలో చేరినవాడు అక్కడి చట్టము దృష్టిలో దోషి యగును. కావున మన సాధనలో ఈ ప్రశ్నలును చేరవలెను: 'ఈజ్ దిస్ ఎ విజిట్ వీసా ఆర్ ఎన్ ఎంప్లాయ్‌మెంట్ వీసా?' 'హూ విల్ పే ఫర్ ది టికెట్?' 'హౌ మెనీ అవర్స్ ఎ డే?' 'వాట్ ఈజ్ ది బేసిక్ శాలరీ?' పెద్దకొడుకు పాస్‌పోర్టుతో ఏజెంటు ఎదుట కూర్చున్న దినమున, పదవ తరగతి చదువు చెల్లెలు ప్రక్కనుండి ఒప్పందపు కాగితమును పైకి చదువగలిగి, చివరకు 'ప్లీజ్ గివ్ అజ్ ఎ కాపీ' అని అడుగగలిగినచో చాలును. ఆ కాపీని ఇంటనే ఉంచుకొనవలెను. మరియొకటి పోవువాని చేతిసంచిలో, పెట్టెలో కాక, ఉంచవలెను.