తన్ను తానే అరిగించుకునే గ్రంథి

పొట్ట వెనకాల ఉండే క్లోమగ్రంథి రసాలు పేగులోకి చేరాకే పని మొదలెట్టాలి. పిత్తాశయంలోంచి జారిన రాయి అడ్డుపడినా, మద్యం మితిమీరినా అవి లోపలే రాజుకుని గ్రంథినే అరిగించేస్తాయి.

ఇది తీవ్రమైన వాపు. పైపొట్టలో పుట్టిన నొప్పి వీపులోకి పొడుచుకుపోతుంది. రోగి వెల్లకిలా పడుకోలేక ముందుకు వంగి కూర్చుంటాడు. గ్యాస్ మాత్రతో సరిపెట్టుకుంటే ప్రమాదమే.

దీర్ఘకాలిక వాపు తీరు వేరు. ఏళ్ల తరబడి గ్రంథి గట్టిపడి, సున్నపు రాళ్లు పేరుకుంటాయి. జిడ్డుగా తేలే మలం, తగ్గే బరువు, ఆపై మధుమేహం. కేరళలో మద్యం ముట్టని కుర్రాళ్లకూ ఇది వచ్చేది. నింద మాత్రం చాలాకాలం పాపం అక్కడివాళ్లు తినే కర్రపెండలం దుంప మోసింది! 2002లో హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధకులు స్పింక్-1 జన్యువులోని మార్పులకు ఈ జబ్బుతో గట్టి సంబంధం ఉందని చూపారు. వేళకాని వేళ రాజుకున్న క్లోమరసపు ఎంజైమ్ ట్రిప్సిన్‌ను అణచడమే ఆ జన్యువు పని.