ఆట పట్టించే పండుగ: కాముని పున్నమి, ఏప్రిల్ ఒకటి

(మన బడి పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగానికి రాతరూపం)

మన కార్యదర్శి ఫోన్ చేసి, "నువ్వు సోషల్ సారువు గదా, ఏదన్న చరిత్ర చెప్పు, కాని నిద్ర మాత్రం రావద్దు" అన్నాడు. భోజనాలకు ముందు ఇరవై నిమిషాలు ఇచ్చాడు. ఆకలిగా ఉన్నవాళ్లకు రాజుల వంశవృక్షాలు చెప్పలేను. అందుకని మనం బాగా చదువుకున్న సబ్జెక్టే తీసుకున్నాను. ఒకరినొకరు ఆట పట్టించడం. దానికంటూ ఒక పండుగ రోజు ఎట్లా వచ్చిందన్నది ఇవాళ్టి విషయం.

అట్లాంటి రోజు అనగానే అందరికీ ఏప్రిల్ ఒకటే గుర్తుకొస్తుంది. ఏటా మార్చి ఆఖరున పేపర్లలో ఒక కథ కూడా వస్తుంది. పూర్వం ఫ్రాన్స్‌లో కొత్త సంవత్సరం ఏప్రిల్ ఒకటిన వచ్చేదట. రాజు దాన్ని జనవరి ఒకటికి మార్చాడట. ఆ సంగతి తెలియక పాత రోజునే పండుగ చేసుకున్నవాళ్లను మిగతావాళ్లు వెర్రివాళ్లని ఎగతాళి చేశారట. ఇందులో రాజు నిజం, శాసనం నిజం. 1564లో తొమ్మిదో చార్లెస్ ఆ మార్పు చేశాడు. కాని అంతకుముందు ఫ్రాన్స్‌లో చాలాచోట్ల సంవత్సరాన్ని ఈస్టర్ నుంచి లెక్కపెట్టేవారు. ఈస్టర్ మన ఉగాది లాగే ఏటా తారీఖు మారే పండుగ, ఏప్రిల్ ఒకటికి అది కట్టుబడి లేదు. పైగా 1561లోనే, అంటే శాసనానికి మూడేళ్ల ముందే, ఎడ్వార్డ్ డి డేనే అనే ఫ్లెమిష్ కవి ఒక పద్యం రాశాడు. ఏప్రిల్ ఒకటిన ఒక దొర తన నౌకరును పనికిమాలిన పనుల మీద ఇటూ అటూ తిప్పుతాడు. నౌకరుకు సంగతి అర్థమవుతూనే ఉంటుంది. అయినా తిరుగుతాడు. ఈ నౌకరును కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాడు.

ఇంగ్లండ్ సంగతి చూడండి. వాళ్లు జనవరి ఒకటికి మారింది 1752లో. కాని అక్కడ ఏప్రిల్ ఒకటిని వెర్రివాళ్ల పండుగ అంటారని జాన్ ఆబ్రీ 1686లోనే రాసిపెట్టాడు. 1698లో లండన్ టవర్‌లో సింహాలకు స్నానం చేయిస్తున్నారని చెప్పి జనాన్ని అక్కడికి పంపారు. కొత్త సంవత్సరం మారకముందే ఆట మొదలైపోయింది.

నాకు ఈ కథ మీద అనుమానం రావడానికి ఇంకో కారణం మన ఇళ్లలోనే ఉంది. మా తాత దగ్గర నిజాం కాలం నాటి భూమి కాగితాలుండేవి. వాటి మీద ఫసలీ సంవత్సరం. ఇంట్లో పంచాంగంలో ఉగాదితో మొదలయ్యే సంవత్సరం. గోడ మీద జనవరి క్యాలెండర్. మన పెద్దలు మూడు సంవత్సరాలతో ఒకేసారి బతికారు. ఫలానావాడు ఇంకా పాత సంవత్సరంలో ఉన్నాడని ఒకరినొకరు వెక్కిరించుకోలేదు. తారీఖు మారినంత మాత్రాన పండుగ పుట్టదు.

1983లో ఒక తమాషా జరిగింది. బోస్టన్ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ బోస్కిన్ అనే చరిత్ర ప్రొఫెసర్‌కు అసోసియేటెడ్ ప్రెస్ విలేకరి ఫోన్ చేసి, ఏప్రిల్ ఫూల్ ఎట్లా పుట్టిందని పదేపదే అడిగాడు. ఆయన విసిగిపోయి అప్పటికప్పుడు ఒక కథ అల్లాడు. రోమ్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ దగ్గరి విదూషకులు, మేమైతే నీకంటే బాగా ఏలుతామన్నారట. చక్రవర్తి నవ్వి కూగెల్ అనే వాణ్ణి ఒక్కరోజు రాజును చేశాడట. కూగెల్ అంటే యూదుల ఇళ్లలో చేసుకునే ఒక వంటకం. మన దగ్గర ఒకడు రాజుగారి పేరు సర్వపిండి అని చెప్పినట్టన్నమాట. ఆ కథ పత్రికలకెక్కింది. ఏప్రిల్ ఫూల్ చరిత్రే ఏప్రిల్ ఫూల్ అయింది. చరిత్ర చెప్పుకుని బతికేవాడిగా ఆ ప్రొఫెసర్ మీద నాకు కోపం రావాలి. రాదు.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. కలకత్తాలో విలియం జోన్స్ పెట్టిన ఏషియాటిక్ సొసైటీ తన వ్యాసాలను సంపుటాలుగా అచ్చువేసేది. అందులో రెండో సంపుటంలో కల్నల్ పియర్స్ అనే ఫిరంగి దళం అధికారి 1785లో రాసిన వ్యాసం ఉంది. హోలీ రోజుల్లో హిందువులు ఒకరినొకరు లేనిపోని పనుల మీద పంపి, వాళ్లు ఉత్త చేతులతో తిరిగొస్తే నవ్వుకుంటారనీ, పెద్దా చిన్నా అందరూ ఇందులో ఉంటారనీ రాశాడు. ముస్లిం అయినా బెంగాల్ నవాబు సిరాజుద్దౌలా కూడా హోలీకి జనాన్ని ఇట్లా ఆట పట్టించేవాడట. ఇది మా ఏప్రిల్ ఒకటి లాగానే ఉందే అని ఆ ఇంగ్లీషాయన ఆశ్చర్యపోయాడు. ఆ తర్వాత కొందరు, అది ఇక్కడి నుంచే అక్కడికి పోయిందని కూడా రాశారు. అంత దూరం నేను పోను. ఎవరి నుంచి ఎవరు నేర్చుకున్నారో చూపే ఆధారం లేదు. మనం చేయగలిగింది ఒకటుంది. ఆ ఆట మన ఊళ్లలో ఎట్లా నడిచిందో దగ్గరగా చూడటం.

మన దగ్గర అది కాముని పున్నమి. ఫాల్గుణ పున్నమి. తపస్సు చెడగొట్టిన మన్మథుణ్ణి శివుడు మూడో కన్నుతో కాల్చిన రోజు. ఉత్తరాదిన ఇదే రోజు హోలికను కాలుస్తారు, ప్రహ్లాదుడి కథ చెబుతారు. ఇక్కడో సంగతి నాకు వింతగా ఉంటుంది. ప్రహ్లాదుణ్ణి కాపాడిన నరసింహుడు మనకు దూరంలో లేడు. ధర్మపురిలో ఉన్నాడు, ఆయన బ్రహ్మోత్సవాలు ఫాల్గుణంలోనే. మన కొండగట్టు అంజన్న విగ్రహానికే ఒక పక్క నారసింహ ముఖం ఉంది. అయినా మన ఊళ్లు హోలికను పట్టించుకోలేదు. కాముణ్ణే కాల్చాయి. ఎందుకంటే మన పిల్లలకు ఆ రాత్రి కథ ముఖ్యం కాదు, కట్టెలు ముఖ్యం.

అరవై దాటినవాళ్లకు చెప్పనక్కర్లేదు, చిన్నవాళ్ల కోసం చెబుతున్నాను. పున్నమికి కొన్ని రోజుల ముందు నుంచే చేతుల్లో కోలలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి జాజిరి ఆడేవాళ్లం. పాట పాడితే గింజలో, పైసలో, రెండు పిడకలో ఇచ్చేవాళ్లు. అడిగితే ఇచ్చినవి సరిపోవు కదా. చివరి రెండు రాత్రులు అడగకుండా తెచ్చుకునేవి. కంచెకు పెట్టిన ముండ్లకంప, విరిగిన నాగలి, పెంటకుప్ప పక్కన పడేసిన బండి చక్రం, నులక ఊడిన మంచం కోళ్లు. ఇంటాయన అరుగు మీద పడుకుని ఉండగానే అరుగు కిందివి మాయమయ్యేవి. పొద్దున లేచి తిట్టేవాడు. కాని ఆ తిట్టు కూడా పండుగలో భాగమే. కాముని కుప్ప మీదికి చేరిన కట్టెను వెనక్కి అడగకూడదు. మంట ఆరిన తర్వాత ఆ బూడిద నుదుట పెట్టుకునేవాళ్లు, తిట్టినాయనతో సహా. తెల్లారితే ఉడకబెట్టిన మోదుగుపూల రంగు.

ఆ కాలం చూడండి. మోదుగులు పూసిన వేళ, ఆకు రాలి కట్టె ఎండిన వేళ. చలి పోయింది, ఎండ ఇంకా ముదరలేదు. వెన్నెల ఉంది. ఏడాదంతా ఇతరులు చెప్పిన పని చేసేవాళ్లు ఎవరు? పిల్లలు, పశులగాండ్లు, జీతగాండ్లు. ఆ రాత్రి పటేలు చక్రాన్ని దొర్లించుకుపోయేది వాళ్లే. ఫ్లాండర్స్ పద్యంలో దొర నౌకరును తిప్పాడు. మన దగ్గర నౌకరే దొర మంచం కోళ్లు ఎత్తుకుపోయాడు. నేను చెప్పదలుచుకున్న తేడా ఇదే. ఒక ఆట పైనుంచి కిందికి పోతుంది, ఒకటి కింది నుంచి పైకి. రెండింటినీ వేళాకోళం అనే అంటాం.

ఇది నిన్న మొన్నటిది కాదు. జాజిరికి దగ్గరగా వినిపించే జాజర అనే మాట అన్నమయ్య వసంతకాలపు కీర్తనలో ఉంది, అంటే పదిహేనో శతాబ్దం. ఇంకా వెనక్కిపోతే ఏడో శతాబ్దంలో హర్షుడు రాసిన రత్నావళి నాటకం మదనోత్సవంతోనే మొదలవుతుంది. కౌశాంబి వీధులన్నీ రంగుపొడి, చిమ్మనగొట్టాలు. రాజుగారి విదూషకుడు వచ్చి దాసీల ఆటలో దూరతాడు. వాళ్లు పాడేది ద్విపదీఖండమని చెబితే, ఖండమంటే కలకండ అనుకుని, దీంతో కుడుములు చేస్తారా అని అడుగుతాడు. దాసీలు ఆయన్ని చూసి నవ్వుతారు. రాజు స్నేహితుడు, బ్రాహ్మడు. మిగతా రోజుల్లో అట్లా నవ్వగలరా?

కాని ఈ ఆటకు కట్టుబాట్లు ఉండేవి. ఎవరూ రాయలేదు, అందరికీ తెలుసు. తెచ్చిన కట్టె ఇంటికి తీసుకుపోకూడదు, మంటలోకే పోవాలి. పనికొచ్చే నాగలిని ముట్టకూడదు. గడ్డివాము జోలికి పోకూడదు. నిజామాబాద్ జిల్లా హున్సాలో హోలీనాడు రెండు జట్లు పిడిగుద్దులాట ఆడతాయి. అక్కడ కూడా మధ్యలో ఒక తాడు ఉంటుంది. మా వాడలో ఒకసారి పెద్ద పిల్లలు ఉత్సాహం పట్టలేక ఒంటరిగా ఉండే ఒక ముసలమ్మ గుడిసె తడిక పీక్కొచ్చారు. కుప్ప దగ్గర కూర్చున్న పెద్దమనిషి దాన్ని చూశాడు. ఎవరిదని అడగలేదు, తిట్టలేదు. "అది కట్టి రాండ్రి, గప్పటిదాంక అగ్గి పెట్ట" అన్నాడు. పున్నమి చంద్రుడు నడినెత్తికొచ్చే దాకా ఊరంతా ఆ తడిక కోసం ఆగింది.

మన బడిలో ఏప్రిల్ ఒకటికి అట్లాంటి కుప్ప లేదు, కుప్ప దగ్గర పెద్దమనిషీ లేడు. ఒంటిపూట బడి, పరీక్షల ముందు రోజులు. చొక్కాల మీద సిరా చల్లడం, వీపుకు కాగితం అంటించడం, అవన్నీ మీకు తెలుసు. సార్లకు కూడా తెలుసు, చూడనట్టు ఉండేవాళ్లు. ఒక్క సంగతి మాత్రం చెబుతాను. అది ఎవరి మీద జరిగిందో ఆ మిత్రుడు ఈ సభలోనే ఉన్నాడు. చెప్పవచ్చా అని అడిగాను. చెప్పు, పేరు మాత్రం వద్దన్నాడు.

అప్పటికే మన పక్క ఇంటికొకరు గల్ఫ్ పోతున్న కాలం. వాళ్ల బాపు దుబాయ్ పోయి మూడేళ్లు. ఆ ఏప్రిల్ ఒకటిన రెండో గంట తర్వాత ఒకడు వచ్చి, "మీ బాపు వచ్చిండురా, గేటు కాడ నిలవడ్డడు" అన్నాడు. వీడు పలక, బలపం, చెప్పులు అన్నీ వదిలేసి ఉరికాడు. కిటికీలోంచి క్లాసంతా చూస్తున్నాం. గేటు దగ్గర ఎవరూ లేరు. వాడు రోడ్డు మీదికి పోయి జగిత్యాల వైపు చూశాడు, కరీంనగర్ వైపు చూశాడు. మొదట నవ్వినవాళ్లు నవ్వడం ఆపారు. వాడు మాత్రం తిరిగి రాలేదు. బస్సు వస్తే బస్సు దిక్కు చూస్తూ అక్కడే నిలబడ్డాడు. తెలుగు సారు వచ్చి విషయం విన్నారు. బెత్తం తీయలేదు. ఆ కబురు చెప్పినవాణ్ణి పిలిచి, "పో, వాడు నిలబడ్డన్ని సేపు నువ్వూ వాని పక్కన నిలబడు" అన్నారు. బడి విడిచే దాకా ఇద్దరూ ఆ ఎండలో నిలబడ్డారు. ఏం మాట్లాడుకున్నారో మాకు తెలియదు. ఇప్పుడు వాళ్లిద్దరూ వియ్యంకులు.

ఇది పైనుంచి కిందికి పోయిన ఆట. దొర లేడు, నౌకరు లేడు, ఇద్దరూ ఒకే బెంచీ పిల్లలు. అయినా ఒకడి బాపు రోజూ ఇంటికొస్తాడు, ఇంకొకడి బాపు రాడు. అంత తేడా చాలు.

మన అంజన్న కూడా చిన్నప్పుడు అల్లరివాడే. కొండ మీద భక్తుల చేతుల్లోంచి కొబ్బరిచిప్పలు లాక్కునే కోతులను చూస్తే ఆ సంగతి మరిచిపోలేం. వరాలు పొందిన బాల హనుమంతుడు మునుల ఆశ్రమాల మీద పడి యజ్ఞపాత్రలు విరిచాడనీ, నారచీరలు చింపాడనీ రామాయణం ఉత్తరకాండ చెబుతుంది. మునులు శపించారు. కాని వాళ్ల శాపం కొలత తెలిసిన శాపం. నీ బలం నీకు గుర్తుండదు, ఎవరైనా గుర్తుచేస్తే తెలుస్తుంది అన్నారంతే. సముద్రం ఒడ్డున జాంబవంతుడు గుర్తుచేశాడు. మన సార్లలో మునులెవరో, జాంబవంతులెవరో మీ మీ బెంచీలను బట్టి మీరే చెప్పుకోండి. ఒకే సారు రెండూ అయిన సందర్భాలు నాకు తెలుసు.

పంచాంగం తెరిచి చూస్తే ఏప్రిల్ ఒకటి సాధారణంగా కాముని పున్నమికీ, కొండ మీద చైత్ర పున్నమికి జరిగే చిన్న జయంతికీ మధ్యలో పడుతుంది. ఆ నెల రోజులు మన పక్క ఇప్పటికీ సందడే. కాని కాముని కట్టెలు ఇప్పుడు చందాలతో, ట్రాక్టరు మీద వస్తున్నాయి. కోలల బదులు డీజే. దాని మీద నాకు పెద్ద ఫిర్యాదు లేదు, దొంగిలించడానికి ఎవరింటి ముందూ కట్టెలు లేవు, వంట గ్యాస్ మీద. నా బెంగ పాటల గురించి. జాజిరి పాటల్లో ఊరి పెద్దలను పేరు పెట్టి ఆట పట్టించే చరణాలు ఉండేవి. వాడవాడకూ వేరే చరణాలు. ఒక వాడ పిల్లలు ఇంకో వాడకు నేర్పేవాళ్లు కాదు. అందుకే అవి పాడినవాళ్లతోనే పోతున్నాయి.

భోజనాల దగ్గర మన బడి తెలుగు టీచరు ఒక లాంగ్ నోట్‌బుక్ పట్టుకుని కూర్చుంటారు. నేనే బతిమాలాను. గుర్తున్నవాళ్లు గుర్తున్నంత వరకు పాడండి, వారు రాసుకుంటారు. తిట్లున్న చరణాలు కూడా పాడండి. ఎవరింటి పేరైనా వస్తే, ఆ ఇంటివాళ్లు ఇక్కడే ఉంటారు కాబట్టి, వాళ్ల ముందరే పాడండి.