సుంకము మోయువారెవరు?



దూరదేశపు రాజకీయములు పల్లెటూరివారి కేల యను ప్రశ్న సహజమైనదే. వాషింగ్టను నగరమున నెవరేమి వాదించుకొన్నను ముమ్మిడివరము కాలువలో నీరు హెచ్చదు, తగ్గదు. నీటి విషయమున నిది నిజము. రొయ్య ధర విషయమున నిజము కాదు. 2025 ఆగస్టు 7వ తేదీ నుండి అమెరికా ప్రభుత్వము భారతదేశపు సరుకులపై నూటికి 25 వంతుల అదనపు సుంకము విధించెను. రష్యా చమురు కొనుచున్నారను కారణమున ఆగస్టు 27వ తేదీ నుండి మఱి 25 వంతులు చేర్చెను. చమురు కొన్నవా రొకరు, రొయ్య పెంచినవా రొకరు. అయినను ఆ దండుగ కోస్తా చెఱువుగట్ల మీదనే కనబడెను.

కనుక ఈ సుంకములను గూర్చి అమెరికనులు తమలో తాము చేసికొన్న వాదము కోనసీమకు పరాయిది కాదు. ఆ వాదమున ప్రధానమైన ప్రశ్నలు రెండు: సుంకము చివరకు మోయువా రెవరు? సుంకము వేయు నధికార మెవరిది?

మొదట రొయ్య కథ వినవలెను. ముమ్మిడివరము, కాట్రేనికోన, ఐ. పోలవరము ప్రాంతములలో నేడు పెంచు వనామీ రొయ్య ఈ గడ్డపై పుట్టినది కాదు. దాని జన్మస్థానము అమెరికా ఖండముల పడమటి సముద్రతీరము. పూర్వ మిచ్చట పెంచిన పులిరొయ్య 1990 దశకమున తెల్లమచ్చల తెగులుచే దెబ్బతినెను. తరువాత 2009లో ప్రభుత్వము వనామీకి అనుమతి నొసగెను. నేటికిని తల్లిరొయ్యలు అమెరికా నుండి విమానములపై వచ్చుచున్నవి. వాని సంతతి ఇచ్చటి ఉప్పునీటి చెఱువులలో పెరిగి, మంచుపెట్టెలలో తిరిగి అమెరికాకే పోవుచున్నది. పుట్టింటికి వచ్చిన ఆడపడుచును గుమ్మముకడ నిలిపి సుంక మడిగినట్లున్నది వ్యవహారము! ఇది చిన్న వ్యాపారము కాదు. 2024-25 సంవత్సరమున భారతదేశము దాదాపు 17 లక్షల టన్నుల సముద్రోత్పత్తులను ఎగుమతి చేసి 62,408 కోట్ల రూపాయలు గడించెను. అందు మూడింట రెండువంతుల విలువ రొయ్యదే. దానిని అందఱికంటె హెచ్చుగా కొన్నది అమెరికాయే.

సుంకమును కోరినవారు దుర్మార్గులని తలంపరాదు. లూసియానా, టెక్సాసు మొదలగు రాష్ట్రములలో పడవలపై పోయి సముద్రపు రొయ్యను పట్టు బెస్తవారు వేలకొలది కలరు. అమెరికనులు తిను రొయ్యలో నూటికి 90 వంతులకు పైగా పరదేశములనుండి వచ్చినదే. చెఱువు రొయ్య చౌకధరకు దిగుటచే తమ పడవలు ఒడ్డున పడియున్నవని వారి మొఱ. 2002లో వారు సంఘముగా నేర్పడి పోరాడుటచే 2005 నుండియే భారతదేశపు రొయ్యపై ప్రత్యేక సుంకము పడుచున్నది. గోదావరి సంగమముకడ వలవేయు జాలరి వారి మొఱను చక్కగా గ్రహింపగలడు. భోజనశాలలవారును, గృహిణులును రెండవ పక్షము. తమ దేశపు పడవలు తేగల రొయ్య చాలనప్పుడు ధర పెంచి తమ్ము శిక్షింపనేల యని వారి ప్రశ్న.

ఇక మోయువా రెవరు? ఈ జిల్లాకు పేరొసగిన డాక్టరు అంబేద్కరు 1913లో న్యూయార్కునందలి కొలంబియా విశ్వవిద్యాలయమునకు చదువ వెళ్లిరి. వారి గురువులలో నొకరైన ఎడ్విన్ సెలిగ్మన్ ఆచార్యుడు 1892లోనే పన్నుభారము ఒకరిపై నుండి మఱొకరిపైకి జరుగు తీరును గూర్చి గ్రంథము ప్రకటించెను. పన్ను కట్టువాడు వేఱు, మోయువాడు వేఱు కావచ్చునని అందలి సారము. పల్లెటూరి దృష్టాంతముతో నిది సులభము. సర్కారు రసీదుపై భూస్వామి పేరే యుండును. శిస్తు పెరిగిన యేడు మక్తా కూడ పెరిగినచో దానిని మోసినవాడు కౌలురైతు.

అట్లే రేవులో సుంకము కట్టువాడు అమెరికా దిగుమతి వర్తకుడు. అతని యెదుట మూడు దారులు కలవు: తినువారికి ధర పెంచుట, తన లాభము తగ్గించుకొనుట, అమ్మువానిని ధర తగ్గించుమనుట. 2025 ఆగస్టులో ఈక్వడారు దేశపు సరుకుపై అదనపు సుంకము నూటికి 15 వంతులే. వర్తకు డటు తిరుగగలడు. చెఱువు రైతు ఎటు తిరుగును? రొయ్య గాదెలో నిలువయుంచు ధాన్యము కాదు. పట్టుబడికి వచ్చిన పిమ్మట దినమొక్కటికి మేత, కరెంటు, డీజిలు ఖర్చులు. పైగా తెగులు భయము. కావున బేరములో వేచియుండలేనివాని తలపైకే బరువు జాఱును. సుంకముల శాస్త్రమంతయు ఈ యొక్క మాటలో నున్నది.

రెండవ ప్రశ్న అధికారమును గూర్చినది. 1773లో బోస్టను రేవున తేయాకు పెట్టెలు సముద్రము పాలైనది తమ ప్రతినిధులు లేని సభ వేసిన పన్నును సహింపకయే. అందుచే ఆ దేశపు రాజ్యాంగము సుంకములు వేయు నధికారమును ప్రజాప్రతినిధుల కాంగ్రెసుకు ఒప్పగించెను. ఆ సభయు పొరపడకపోలేదు. 1930లో వేయిమందికి పైగా అర్థశాస్త్రజ్ఞులు వలదన్నను సుంకములు పెంచగా ఇతర దేశములు ప్రతిసుంకములు వేసెను. లోకవాణిజ్యము మఱింత కుంగెను. 2025లో అధ్యక్షుడు ట్రంపు 1977 నాటి అత్యవసరాధికార చట్టము పేర తానే సుంకములు వేసెను. చిన్న వర్తకులు కొందఱు న్యాయస్థానమున కెక్కిరి. 2026 ఫిబ్రవరిలో భారతదేశముతో నొడంబడిక కుదిరి రేటు తగ్గునని ప్రకటన వెలువడెను. ఆ నెలలోనే అత్యున్నత న్యాయస్థానము ఆ చట్టము సుంకములు వేయు నధికార మొసగదని తీర్పు చెప్పెను. వెంటనే అధ్యక్షుడు 1974 నాటి వేఱొక చట్టముపై క్రొత్త సుంకము ప్రకటించెను.

తేనెటీగ పువ్వు నొప్పింపక మకరందము గైకొన్నట్లు రాజు పన్ను గైకొనవలెనని శాంతిపర్వమున భీష్ముడు ధర్మరాజునకు బోధించెను. ఆ నీతి అమెరికాకు మాత్రమే కాదు. పరదేశపు పంటలపై భారతదేశమును సుంకము వేయుచున్నది. ఇచ్చటి రైతును కాపాడుటకే యని చెప్పుచున్నది. ఆ కారణము న్యాయమైనచో లూసియానా బెస్తవాని కోరికలోను కొంత న్యాయమున్నదని యొప్పుకొనవలెను. ఒప్పుకొని, తన మేలు తాను చూచుకొనవలెను.

రైతునకు మేలెందున్నది? వేచియుండు శక్తిని సంపాదించుటలో నున్నది. పది చెఱువులవారు కూడి నిలువచేయు శీతలగిడ్డంగి ఒక శక్తి. జపాను, ఐరోపా, చైనా అంగళ్లు తెలిసి సరుకు నమ్మించుట ఒక శక్తి. పొరుగు జిల్లాలవారిని, స్వదేశీయులను రొయ్య తినువారినిగా చేసికొనుట మఱొక శక్తి. అన్నిటికంటె ముందు వలసినది వార్త. సుంకము మాఱిన సంగతి కొనువానికి ముందు తెలిసి, అమ్మువానికి వారము పిదప తెలిసినచో ఆ వారమే నష్టము.

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయపు బల్లపై పత్రికలు పఱచియున్నవి. చెఱువుకు పోవు దారిలో రైతు అరగంట ఇచ్చట కూర్చుండి పరదేశవార్తల పుటను కూడ చదివిపోవుట నేర్చినచో, రజతోత్సవము సార్థకమగును.

స్వస్తి.