కూటమి పెరిగింది, పలుకుబడి పెరిగిందా?

(సూళ్లూరుపేటలో జరిగిన మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నాకిచ్చిన అంశం "బ్రిక్స్ కూటమి - మూడవ ప్రపంచ స్త్రీలు". పేరు చూసి బెదరకండి. బ్రెజిల్, రష్యా, ఇండియా, చైనా, దక్షిణాఫ్రికా దేశాలు కలిసి ఒక కూటమి కట్టాయి. ఇటీవల మరికొన్ని దేశాలు చేరాయి. అమెరికా, ఐరోపాల పెత్తనాన్ని అడ్డుకోగల బలం ఈ కూటమికి ఉందా, ఉంటే అది ఎవరికి అక్కరకు వస్తోంది అన్నదే మన ప్రశ్న. ఢిల్లీలో మాట్లాడుకోవలసిన విషయం ఇక్కడెందుకని కొందరికి అనిపించవచ్చు. నాకు మాత్రం ఇందుకు సూళ్లూరుపేట కంటే తగిన ఊరు కనిపించలేదు.

పులికాట్ మీది రోడ్డు దాటితే శ్రీహరికోట. అక్కడ పరాయి దేశాల పెత్తనం ఎలా పనిచేస్తుందో చూపించే కథ ఒకటుంది. 1991లో మన అంతరిక్ష సంస్థ సోవియట్ సంస్థ గ్లావ్‌కాస్మాస్‌తో ఒప్పందం చేసుకుంది. క్రయోజనిక్ ఇంజన్లతో పాటు వాటిని తయారుచేసే పరిజ్ఞానం కూడా ఇవ్వాలన్నది షరతు. ఇది క్షిపణులకు పనికొస్తుందంటూ 1992లో అమెరికా ఇద్దరి మీదా ఆంక్షలు పెట్టింది. సోవియట్ యూనియన్ కూలిపోయి, పాశ్చాత్య దేశాల సాయం కోసం ఎదురుచూస్తున్న రష్యా 1993లో మాట మార్చింది. తయారైన ఇంజన్లు ఇస్తాను, పరిజ్ఞానం ఇవ్వను అంది. మన సొంత ఇంజన్‌తో జి.ఎస్.ఎల్.వి. విజయవంతంగా ఎగిరింది 2014 జనవరిలో. ఇరవై ఏళ్లు పట్టింది. 2021 ఫిబ్రవరిలో బ్రెజిల్ ఉపగ్రహం అమెజోనియా-1 ఈ తీరం నుంచే ఆకాశానికి వెళ్లింది. అంటే కాలం మారలేదని ఎవరూ అనలేరు. (ఆ దీవి నుంచి ఖాళీ చేయించిన యానాది కుటుంబాల సంగతి ఈ విజయగాథల్లో ఎవరూ చెప్పరు, అది వేరే చర్చ.)

ఇక కూటమి సంగతి. "బ్రిక్" అన్న పేరు 2001లో గోల్డ్‌మన్ శాక్స్ అనే అమెరికన్ పెట్టుబడుల బ్యాంకులోని ఆర్థికవేత్త పెట్టినది. పెట్టుబడిదారులకు రాబోయే కాలంలో ఎక్కడ లాభాలున్నాయో చూపించడానికి పెట్టిన పేరు. 1955లో బాండుంగ్‌లో కూడిన ఆసియా, ఆఫ్రికా దేశాలను కలిపింది వలస పాలన అనుభవం. వీళ్లను మాత్రం ముందు మార్కెట్ ఒక చోట చేర్చింది, తర్వాత 2009లో యెకాటెరిన్‌బర్గ్‌లో నాయకులు మొదటి శిఖరాగ్ర సమావేశం జరుపుకున్నారు. దక్షిణాఫ్రికా ఆ మరుసటి ఏడాది ఆహ్వానం అందుకుంది. 2024లో ఈజిప్టు, ఇథియోపియా, ఇరాన్, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్, 2025లో ఇండోనేషియా చేరాయి. ఆహ్వానం అందాక కూడా అర్జెంటీనా వద్దంది. కొనుగోలు శక్తి లెక్కన చూస్తే ఈ దేశాల ఉత్పత్తి జి-7 ధనిక దేశాల ఉత్పత్తిని దాటిపోయింది. లెక్కలు ఘనంగానే ఉన్నాయి.

కాని తలలు లెక్కపెడితే పలుకుబడి తెలియదు. ఈ మాట నెల్లూరు ఆడవాళ్లకు నేను చెప్పనక్కరలేదు. 1992లో దూబగుంటలో మొదలై జిల్లా అంతా సారా వేలంపాటలు అడ్డుకున్నప్పుడు కదిలిన ప్రతి స్త్రీ ఏదో ఒకటి పణంగా పెట్టింది. ఇంట్లో దెబ్బలు తిన్నవాళ్లున్నారు, కూలి పోగొట్టుకున్నవాళ్లున్నారు. పక్క ఊరి వాళ్ల కోసం తాము నష్టపోవడానికి సిద్ధపడ్డారు కాబట్టే 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో ఖజానా పేరు చెప్పి సడలించారనుకోండి. కూటమి బలాన్ని నేను ఈ కొలతతోనే కొలుస్తాను. ఒకరికి దెబ్బ తగిలినప్పుడు మిగిలినవాళ్లు ఏం వదులుకున్నారు?

2025 ఆగస్టు చూడండి. రష్యా నుంచి చమురు కొంటున్నామన్న కారణం చూపి అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. అదే నెలలో బ్రెజిల్ మీద కూడా 50 శాతం, అక్కడి కారణం వేరు. మన రొయ్యలకు అతి పెద్ద మార్కెట్ అమెరికా, దేశంలో రొయ్యలు ఎక్కువగా పండేది ఆంధ్ర తీరంలో. సుంకం వాషింగ్టన్‌లో పడితే ఇక్కడ ఏం జరుగుతుందో మీకు తెలుసు. ఎగుమతిదారు కొనుగోలు ధర తగ్గిస్తాడు, రైతు చెరువులో సీడ్ వేయడం మానుకుంటాడు, పీలింగ్ షెడ్డులో పని దినాలు తగ్గుతాయి. మంచునీళ్లలో చేతులు పెట్టి రొయ్య తల తీసే ఆడమనిషికి చాలాచోట్ల కిలోల లెక్కన కూలి. సరుకు రాని రోజు ఆమెకు పనే లేదు. రైతు నష్టం గురించి పత్రికలు రాశాయి, మంత్రులు మాట్లాడారు, రాయవలసిందే. షెడ్డు కూలి నష్టాన్ని ఎవరూ లెక్కకట్టలేదు.

అప్పుడు కూటమి ఏం చేసింది? సెప్టెంబరు 8న బ్రెజిల్ అధ్యక్షుడు లూలా తెర మీద అత్యవసర సమావేశం ఏర్పాటు చేశాడు. మన ప్రధాని హాజరు కాలేదు, విదేశాంగ మంత్రిని పంపారు. ఉమ్మడి ప్రతిచర్య ఏదీ వెలువడలేదు. అంతకు ముందు జూలైలో రియో ప్రకటనలోనైనా సుంకాల మీద ఆందోళన వ్యక్తం చేశారు గాని అమెరికా పేరు ఎత్తలేదు. తర్వాత ఢిల్లీ విడిగా బేరమాడుకుంది, బ్రెజిల్ విడిగా బేరమాడుకుంది. ఎవరి కోసం ఎవరూ ఏమీ వదులుకోలేదు.

రొయ్య మీద ఇంకో మాట. ఈ చెరువుల వల్ల తాగునీళ్లు ఉప్పుబారాయని 90లలో తీరమంతా పోరాడింది. తీరప్రాంత నియంత్రణ మండలంలోని చెరువులు తీసేయమని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పిస్తే, 2005 చట్టం వాటికి మళ్లీ దారి తెరిచింది. ఆనాడు చెరువు వద్దన్న ఊళ్లలోనే ఈనాడు చెరువు ఆగితే పస్తులు. ఎగుమతుల మీద నిలబడిన బతుకును కూటమి కాపాడుతుందని అనుకోవడం కష్టం.

అయితే ఈ దేశాలు కలిస్తే ఏమీ జరగదని కూడా నేను అనను. 2001లో దోహాలో మందుల పేటెంట్ల కంటే ప్రజారోగ్యం ముఖ్యమన్న ప్రకటన వచ్చింది. దాని వెనుక ఇండియా, బ్రెజిల్, ఆఫ్రికా దేశాల ప్రభుత్వాలున్నాయి. అంతకంటే ముందు వీధుల్లో ఎయిడ్స్ రోగుల ఉద్యమం ఉంది. దక్షిణాఫ్రికా ప్రభుత్వం మీద వేసిన కేసును 39 మందుల కంపెనీలు అదే ఏడాది ఏప్రిల్‌లో ఉపసంహరించుకోవలసి వచ్చింది. కోవిడ్ కాలంలో దీనికి తిరగబడిన కథ నడిచింది. 2020 అక్టోబరులో ఇండియా, దక్షిణాఫ్రికా కలిసి పేటెంట్లు తాత్కాలికంగా పక్కనపెట్టమని అడిగితే సాటి సభ్యదేశమైన బ్రెజిల్ మొదట్లో వ్యతిరేకించింది. 2022 జూన్‌లో చివరికి దక్కింది టీకాలకు మాత్రమే పరిమితమైన, నీరుగారిన నిర్ణయం.

ఇప్పుడు డబ్బు దగ్గరికి వద్దాం. ఐ.ఎం.ఎఫ్.లో పెద్ద నిర్ణయాలకు 85 శాతం ఓట్లు కావాలి. అమెరికా ఒక్కదానికే పదహారున్నర శాతం దాకా ఉన్నాయి, అంటే అది కాదంటే కాదు. దీనికి జవాబుగా బ్రిక్స్ దేశాలు 2014లో సొంత బ్యాంకు ఒకటి, కష్టకాలానికి పదివేల కోట్ల డాలర్ల నిధి ఒకటి ప్రకటించాయి. షాంఘైలోని ఆ కొత్త అభివృద్ధి బ్యాంకును ఐదు దేశాలు సమాన వాటాలతో మొదలుపెట్టాయి, వీటో ఎవరికీ లేదు. ఇది చిన్న విషయం కాదు. కాని నిధి నుంచి తన వాటాలో 30 శాతం మించి తీసుకోవాలంటే ఆ దేశం ఐ.ఎం.ఎఫ్. కార్యక్రమంలో ఉండాలన్న షరతు పెట్టుకున్నారు. ఎవరిని తప్పించుకోవాలనుకున్నారో మళ్లీ వాళ్ల గుమ్మం దగ్గరికే! 2022లో రష్యా మీద ఆంక్షలు రాగానే ఈ బ్యాంకు రష్యాలో కొత్త లావాదేవీలు ఆపేసింది. డాలర్ మార్కెట్లో అప్పు పుట్టాలంటే తప్పలేదు.

ఈ బ్యాంకు మనకు దూరమైనదేమీ కాదు. మన రాష్ట్రంలో మండల కేంద్రాలను కలిపే రోడ్లు, జిల్లా రోడ్లు, వంతెనల కోసం రెండు పథకాలకు కలిపి 64 కోట్ల 60 లక్షల డాలర్ల అప్పు ఒప్పందం 2021లో కుదిరింది. పనులు ఏళ్ల తరబడి ఆలస్యమయ్యాయి. రోడ్డు కావాలి, కాన్పు నొప్పులతో ఆటోలో వెళ్లిన స్త్రీకి ఆ విలువ తెలుసు. కాని రోడ్డు వెడల్పులో పోయే బంకు ఎవరిది, పని కూలీల్లో స్త్రీలెందరు, మగవాళ్లతో సమాన కూలి ఇస్తున్నారా అని అడిగే చోటు ఎక్కడుంది? నర్మద పోరాటం తర్వాత ప్రపంచ బ్యాంకు 1993లో తనిఖీ ప్యానెల్ పెట్టుకోక తప్పలేదు. బాధితులు నేరుగా ఫిర్యాదు చేయగల అటువంటి స్వతంత్ర వ్యవస్థ ఏదీ లేకుండానే ఈ కొత్త బ్యాంకు పని మొదలుపెట్టింది. అప్పు తీసుకునే దేశపు చట్టాలనే నమ్ముకుంటామన్నది దాని విధానం. సార్వభౌమత్వానికి గౌరవం అంటారు దీన్ని. ఆ చట్టాలు మన దగ్గర ఎలా అమలవుతాయో మనకు కొత్తగా చెప్పాలా?

స్త్రీలకు ఈ కూటమిలో అసలు చోటు లేదనలేం. 2020లో మహిళా వ్యాపారవేత్తల కూటమి ఏర్పడింది. బ్యాంకు అధ్యక్షురాలిగా 2023లో దిల్మా రూసెఫ్ వచ్చారు. ఒకప్పుడు సైనిక నియంతృత్వం జైల్లో చిత్రహింసలు పడిన స్త్రీ ఆమె, ఆమె అంటే నాకు గౌరవం. అయినా వ్యాపారం చేసే స్త్రీకి కుర్చీ వేసి, కిలోల లెక్కన కూలి తీసుకునే స్త్రీని బయట నిలబెట్టే ప్రాతినిధ్యాన్ని చూసి మురిసిపోవలసిన పని లేదు.

2026లో ఈ కూటమి అధ్యక్ష స్థానం మన దేశానిది. ప్రకటనలు చాలా వస్తాయి. మనం ఆ రోడ్ల జాబితాతో మొదలుపెట్టవచ్చు. మీ మండలంలో ఏ రోడ్డు, ఎంత అప్పు, కాంట్రాక్టు ఎవరిది, సామాజిక ప్రభావ నివేదిక తెలుగులో ఉందా అని సమాచార హక్కు చట్టం కింద రోడ్లు, భవనాల శాఖను అడగండి. షెడ్డుల్లో పని దినాల లెక్క 2025 ఆగస్టు నుంచి నెలవారీగా రాసిపెట్టండి. ఆ లెక్క ప్రభుత్వం దగ్గర దొరకదు, మన దగ్గరే పుట్టాలి. వచ్చే సమావేశానికి రెండూ తీసుకురండి.