కిటికీలో కూర్చున్న యౌవనుడు

వాక్యభాగము: అపొస్తలుల కార్యములు 20:7–12

 బీడీలు చుట్టుకుంటూ వింటున్న తల్లులకు, పొలము నుండి వచ్చి అరుగు మీద కూర్చున్న పెద్దలకు, ఈ మాటలను తరువాత పత్రికలో చదువుకునే వారికి కూడా నా వందనములు.

ఈ పూట మనము ధ్యానించే సంగతి త్రోయ పట్టణములో జరిగినది. ఆదివారము రాత్రి. మేడగదిలో సంఘము కూడియున్నది. దీపములు చాలా వెలుగుచున్నవి. రొట్టె విరుచుటకు అందరు సిద్ధముగా ఉన్నారు. ప్రసంగించేది సాక్షాత్తు పౌలే. మరునాడు ప్రయాణము గనుక అర్ధరాత్రి దాక మాటలాడుతున్నాడు. ఐతుకు అనే యౌవనుడు కిటికీలో కూర్చున్నాడు. నిద్ర ముంచుకొచ్చింది. మూడవ అంతస్తు నుండి క్రింద పడ్డాడు. ఎత్తి చూస్తే ప్రాణము లేదు.

దయచేసి ఒక మాట గమనించండి. ఆ గదిలో వెలుగుకు కొరత లేదు. వాక్యమునకు కొరత లేదు. మనుష్యులకు అసలే కొరత లేదు. అయినా ఒక పిల్లవాడు పడిపోయాడు. ఎందుకు? అందరి కళ్లు ప్రసంగీకుని మీద ఉన్నవి. కిటికీ వైపు చూచినవారు లేరు. కిటికీ అంటే సగము లోపల, సగము బయట. అక్కడ కూర్చున్నవాడు సంఘములో ఉన్నట్టే ఉంటాడు, కాని ఎప్పుడు జారిపోతాడో తెలియదు.

ప్రియులారా, మన ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలలో ఇటువంటి కిటికీలు ఎన్ని ఉన్నవో ఆలోచించండి. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, నిర్మల్, ఖానాపూర్, లక్సెట్టిపేట... ఏ ఊరికి వెళ్లినా గల్ఫ్‌లో మనిషి లేని వాడకట్టు కనబడదు. వానలు లేక, బోర్లు ఎండి, మగ్గాలకు పని తగ్గి, మిత్తికి తెచ్చిన అప్పు తీరక 1970ల నుండి మనవారు ఆ దేశములకు పోతున్నారు. మస్కట్ పోయినా, సౌదీ పోయినా, ఖతర్ పోయినా, ఊరిలో మాత్రము ‘దుబాయి పోయిండు’ అనే అంటాము. ఇంటిలో తల్లి బీడీలు చుడుతుంది. తాత, నాయనమ్మ పిల్లలను చూసుకుంటారు. నాయన ఫోనులో ఉంటాడు. ఫోనులో గొంతు వస్తుంది గాని, బిడ్డ ముఖము చూచి ‘ఏమైందిరా?’ అని భుజము మీద చేయి వేసే మనిషి రాడు.

పైసలు వచ్చే ఇంటిలో ఒక అపాయము, రాని ఇంటిలో మరొక అపాయము. పైసలు వచ్చే ఇంటిలో పదిహేనేళ్ల కుమారుని చేతికి మోటారు సైకిలు వస్తుంది, దాని వెంట చెడు స్నేహము వస్తుంది, దాని వెంట కల్లు, గంజాయి వస్తాయి. పైసలు రాని ఇంటిలో అప్పులవాడు గడపలో కూర్చుంటాడు. కుమారుడు బడి మానుతాడు. కుమార్తెకు పెండ్లి వయస్సు రాకముందే సంబంధము చూస్తారు. సిరిసిల్ల ప్రాంతపు కార్మికులు కొందరు సుమారు 18 ఏళ్లు దుబాయి జైలులో గడిపి 2024లో ఇల్లు చేరిన సంగతి మీరు ఎరుగుదురు. 18 ఏళ్లలో పాలు త్రాగే బిడ్డ ఓటు వేసే వయస్సుకు వస్తాడు. ఆ కాలమంతా ఆ బిడ్డ వైపు చూడవలసినది ఎవరు?

నేను ఇతరులను తప్పుపట్టుటకు ఈ మాట చెప్పడము లేదు. మొదట నా తప్పును ఒప్పుకొంటాను. కొన్నేళ్ల క్రిందట నేను పరిచర్య చేసిన సంఘములో పదహారేళ్ల కుర్రవాడు ఒకడు డోలక్ వాయించేవాడు. వాని తండ్రి గల్ఫ్‌లో ఉన్నాడు. ఆ తండ్రి వీసా కొరకు మేము ఉపవాస ప్రార్థన చేశాము, వీసా వచ్చినప్పుడు కృతజ్ఞత కూడిక పెట్టి భోజనము కూడా చేశాము. తరువాత కుర్రవాడు గుడికి రావడము తగ్గించాడు, మొదట ముందు వరుస నుండి వెనుకకు, తరువాత వెనుక నుండి వాకిలి బయటకు. ‘గల్ఫోళ్ల పోరగాళ్లు గంతే, చెడిపోయిండ్రు’ అని పెద్దలు అన్నారు. నేను కాదనలేదు. చాలా నెలల తరువాత వాని ఇంటికి వెళ్లాను. వాడు నన్ను చూచి ఇట్లన్నాడు: ‘అయ్యగారూ, మీరు ఎప్పుడు కలిసినా నాయిన పైసలు పంపిండా అనే అడుగుతరు. నువ్వేం చదువుతున్నవురా అని ఒక్కసారన్న అడగలే.’

అప్పుడు తెలిసింది. వాడు పదవ తరగతి పరీక్ష ఫీజు కట్టలేదు. కొన్ని వందల రూపాయలు. తల్లిని అడుగుటకు సిగ్గు, తండ్రికి చెప్పుటకు భయము, గడువు దాటిపోయింది. అదే సంవత్సరము మా సంఘము క్రిస్మస్‌కు దుప్పట్లు పంచింది, పందిరికి, మైకుకు వేలు ఖర్చు చేసింది. మా దగ్గర డబ్బు లేక ఆ పిల్లవాడు జారిపోలేదు. చూపు లేక జారిపోయాడు.

ఈ సమస్య మనకొక్కరికే కాదు. దక్షిణ సూడాను అనే దేశమున్నది. దశాబ్దాల యుద్ధము తరువాత 2011 జూలై 9న అది స్వతంత్ర దేశమైనది. యుద్ధము నుండి తప్పించుకొన్న అనేక కుటుంబములు శరణార్థి శిబిరములలో ఏళ్లు గడిపి ఆస్ట్రేలియా దేశము చేరారు. వారిలో క్రైస్తవులు చాలామంది. పిల్లలు క్రొత్త భాష త్వరగా నేర్చుకున్నారు, తలిదండ్రులు నేర్చుకోలేకపోయారు. ఇంటిలో ఒక లోకము, వీధిలో ఒక లోకము. కొందరు పిల్లలు తప్పు చేస్తే, ఆ నింద ఆ జాతి పిల్లలందరి మీద పడింది. అక్కడి ప్రభుత్వములు ఆ సమాజపు సొంత సంఘములకు చిన్న చిన్న గ్రాంట్లు ఇస్తున్నవి. ఆ డబ్బుతో సాయంత్రము చదువు చెప్పడము, ఆటలు ఆడించడము, తలిదండ్రులను కూర్చి మాట్లాడడము వంటి పనులు జరుగుతున్నవి. మనము నేర్చుకోవలసిన సంగతి ఇది: డబ్బు ఎక్కడి నుండి వచ్చినా, పనిచేసేది ఆ పిల్లవాని పేరు ఎరిగినవారు, వాని తల్లి భాషలో మాట్లాడేవారు.

ఇది క్రొత్త ఆలోచన కాదు, ప్రియులారా. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయము తెరిచి చూడండి. పంట కోయునప్పుడు పొలములో పన మరచిపోతే దాని కొరకు తిరిగి వెళ్లవద్దని దేవుడు ఆజ్ఞాపించాడు. ఒలీవ చెట్టును రెండవసారి దులపవద్దు, ద్రాక్షతోటను రెండవసారి ఏరవద్దు అన్నాడు. అది పరదేశికి, తండ్రి లేనివారికి, విధవరాలికి. అడిగితే ఇవ్వుమనలేదు, అడుగక ముందే విడిచిపెట్టుమన్నాడు. ఎందుకు? మీరు కూడా ఐగుప్తులో పరాయివారి క్రింద పనిచేసినవారే, మరచిపోవద్దు అన్నాడు.

బోయజు ఆ ఆజ్ఞను ఎట్లా నెరవేర్చాడో రూతు గ్రంథము రెండవ అధ్యాయములో ఉన్నది. రూతు వలస వచ్చిన యౌవనస్థురాలు, మోయాబీయురాలు, అన్నము కొరకు పరిగె ఏరుకుంటున్నది. బోయజు తన పనివారికి రెండు సంగతులు చెప్పాడు. ఆమె కొరకు పనలలో నుండి కావాలని కొన్ని లాగి విడువండి. ఆమెను గద్దించవద్దు, అవమానపరచవద్దు. ఇందులో గింజలు ఉన్నవి, గౌరవము కూడా ఉన్నది. మనము తరచుగా గింజలు ఇచ్చి గౌరవము తీసుకుంటాము. వేదిక మీదికి పిలిచి, ఫోటో తీసి, ‘ఈ బీద బిడ్డకు మన సంఘము సహాయము చేసినది’ అని మైకులో చెబుతాము. పదహారేళ్ల పిల్లవాడు ఆ నోటుబుక్కులను మోయగలడు గాని ఆ మాటను మోయలేడు.

కాబట్టి ప్రతి సంఘములో ‘యౌవనుల సహాయనిధి’ ఒకటి ఉండవలెనని ప్రభువు నామములో మనవి చేస్తున్నాను. కానుకలో ఒక చిన్న భాగము ముందే తీసి ప్రక్కన పెట్టండి. దానితో ఏమి చేయవచ్చు? పరీక్ష ఫీజు కట్టవచ్చు. బడి మానినవానిని ఓపెన్ స్కూలులో చేర్పించవచ్చు. బస్సు పాసు ఇప్పించవచ్చు. సాయంత్రము రెండు గంటలు గుడి గది తెరిచి, లైటు వేసి, చదువు వచ్చిన ఒక అక్కను, ఒక అన్నను కూర్చోబెట్టవచ్చు.

ప్రభుత్వపు సహాయము కూడా ఉన్నది, కాని కాగితము పట్టుకొని వెళ్లే తోడు లేక చాలామందికి అందడము లేదు. మిషన్ వాత్సల్య పథకము క్రింద ఆధారము లేని బిడ్డకు, విధవరాలి బిడ్డకు అర్హత చూచి నెలకు 4,000 రూపాయలు ఇస్తారు. జిల్లా బాలల పరిరక్షణ విభాగములో అడగండి. గల్ఫ్ దేశములలో మరణించిన కార్మికుల కుటుంబమునకు 5 లక్షల సహాయము, గల్ఫ్ కార్మికుల పిల్లలకు గురుకులములలో ప్రవేశము కొరకు రాష్ట్ర ప్రభుత్వము 2024 సెప్టెంబరులో ఉత్తర్వు ఇచ్చినది. బిడ్డ ఆపదలో ఉంటే 1098కి ఫోను చేయండి. ఒక విధవరాలితో కలిసి కలెక్టరు కార్యాలయమునకు వెళ్లడము కూడా పరిచర్యయే.

కొందరు అడుగుతారు, ‘మన సంఘపు పిల్లలకేనా, అందరికా?’ అని. మోయాబీయురాలైన రూతును బోయజు పొలములో నుండి పంపివేయలేదు. ప్రక్క ఇంటి పిల్లవాడు మసీదుకు పోయేవాడైనా, గుడికి పోయేవాడైనా, ఆకలికి, పరీక్ష ఫీజుకు మతము లేదు. సహాయమును ఎరగా వాడవద్దు. ఏ షరతు లేకుండా ఇవ్వండి.

మరొక మాట, కొంచెము కఠినమైన మాట. లెక్కలు. పౌలు యెరూషలేములోని పేదల కొరకు చందా సమకూర్చినప్పుడు తాను ఒక్కడే దానిని పట్టుకోలేదు. 2 కొరింథీయులకు 8వ అధ్యాయములో చూడండి. తీతుతో పాటు సంఘములు నమ్మిన సహోదరులను పంపాడు. తన మీద నింద రాకూడదని, దేవుని యెదుటనే గాక మనుష్యుల యెదుట కూడా సరిగా ఉండవలెనని కోరాడు. అపొస్తలునికే అంత జాగ్రత్త అయితే నాకు, మీకు ఎంత ఉండవలెను! నిధిని పాస్టరు ఒక్కరే పట్టుకోవద్దు. ముగ్గురుండాలి, వారిలో ఒక తల్లి ఉండాలి, ఒక యౌవనస్థుడు ఉండాలి. పుచ్చుకొన్నవారి పేర్లు గోడకు అంటించవద్దు. ఖర్చు లెక్కలు మాత్రము తప్పక అంటించండి.

మరి ఆ డోలక్ కుర్రవాడు ఏమైనాడని మీరు అడుగుతారు. ఓపెన్ స్కూలులో పదవ తరగతి కట్టించాము. మొదటిసారి లెక్కలలో తప్పాడు. నేను నిరాశపడ్డాను, వాడు పడలేదు. రెండవసారి పాసైనాడు. తరువాత వాడు కూడా గల్ఫ్‌కే వెళ్లాడు. ఇది విజయమా అని మీరు సందేహించవచ్చు. కాని వాడు విజిట్ వీసా మీద, ఏజెంటు మాట మీద, మిత్తి అప్పు మీద పోలేదు. ఏజెంటుకు లైసెన్సు ఉన్నదా అని అడిగాడు. కంపెనీ పేరు, జీతము వ్రాసిన కాగితము చదువుకొని సంతకము చేశాడు. దాని నకలు తల్లి దగ్గర ఉంచి వెళ్లాడు. ‘కల్లివల్లి’ అయి దాక్కుని బ్రతుకుటకు కాదు, తల ఎత్తుకొని పనిచేయుటకు వెళ్లాడు.

చివరిగా త్రోయకు తిరిగి వెళ్దాము. పిల్లవాడు పడినప్పుడు పౌలు ఏమి చేశాడు? మేడ మీద నిలబడి ‘జాగ్రత్తగా కూర్చోవలసింది’ అనలేదు. ప్రసంగము ఆపాడు. మెట్లు దిగాడు. వాని మీద వంగి కౌగిలించుకొన్నాడు. వీనిలో ప్రాణమున్నది, తొందరపడకండి అన్నాడు. అందరు చచ్చినాడన్నవానిలో ప్రాణమును చూచినవాడు దైవజనుడు. తరువాతనే పైకి వెళ్లి రొట్టె విరిచాడు. క్రింద ఒక పిల్లవాడు పడియుండగా పైన రొట్టె విరవడము కుదరదు, ప్రియులారా.

ఈ వారము ఒక్క పని చేయండి. మీ వాడకట్టులో కిటికీలో కూర్చున్న ఒక్క పిల్లవానిని, ఒక్క పిల్లను గుర్తుపట్టండి. వాళ్ల నాయన గురించి కాదు, వాళ్ల గురించి అడగండి. అడిగి, జవాబు వచ్చేదాక కూర్చోండి.

ప్రార్థన చేసుకుందాము. పరలోకమందున్న మా తండ్రీ, తండ్రులు దూరముగా ఉన్న పిల్లలకు నీవే తండ్రివి. సముద్రము అవతల ఎండలో పనిచేయుచున్న మా సహోదరులను కాపాడుము. వారి ఇండ్లలో ఉన్న యౌవనులను మా కళ్లకు కనబరచుము. మెట్లు దిగే కాళ్లను, లెక్క తప్పని చేతులను మాకు దయచేయుము. యేసుక్రీస్తు నామములో అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.