పాత వైసును తూకానికి అమ్మకండి
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద చదువుల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, పెళ్ళిళ్ళలో దుబారా గురించి ఏటా మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఈసారి మేము పాత వైసుల గురించి మాట్లాడతామంటే కార్యదర్శిగారు నవ్వారు. "మాస్టారూ, ఇనుప ముక్క మీద అరగంట ఏం చెబుతారు?" అన్నారు. చెప్పవలసింది ఉందండీ. మన సభ్యుల్లో ఫిట్టర్లున్నారు, లేతు మిస్త్రీలున్నారు, వెల్డర్లున్నారు, తాళాలు బాగుచేసేవాళ్ళూ సైకిలు షాపులవాళ్ళూ ఉన్నారు. వీళ్ళందరి ఇళ్ళకూ అన్నం పెట్టిన వస్తువది.

బల్లకు బిగించి, పని చేసే వస్తువు కదలకుండా పట్టుకునేది వైసు. ఉర్దూలో దాన్ని బాంక్ అంటారు. మా క్లాసులో ఆ మాట చెబితే పిల్లలు డబ్బు దాచుకునే బ్యాంకు అనుకుంటారు. అదీ పూర్తిగా తప్పు కాదు. వాళ్ళ తాతలకు ఆ ఇనుప బాంకే బ్యాంకు. దాని దవడల మధ్య పట్టిన ముక్కను ఆకురాయితో రుద్ది రుద్ది బిడ్డల్ని చదివించారు, ఆడపిల్లలకు పెళ్ళిళ్ళు చేశారు.

ఇప్పుడు జరుగుతున్నదేమిటి? ఒక మిస్త్రీ కన్నుమూస్తాడు. నలభై రోజులు గడుస్తాయి. కొడుకు వేరే ఊళ్ళో ఉద్యోగంలోనో గల్ఫులోనో ఉంటాడు. కొట్టు అద్దె పెరుగుతూ ఉంటుంది. ఇంటావిడ కబాడీవాణ్ణి పిలుస్తుంది. వాడు కాటా పెడతాడు. సుత్తులు, ఆకురాళ్ళు, విరిగిన గొలుసులు, వాటితోపాటు వైసు – అన్నీ ఒకే తట్టలో, ఒకే ధరకు వెళ్ళిపోతాయి. ముప్పై నలభై ఏళ్ళ ఒక మనిషి కష్టం కిలోల లెక్కన తేలిపోతుంది. మూడు వీధుల అవతల ఐటీఐలో చేరిన మనవాడే ఒకడు కొత్త వైసు కొనలేక, ఒకటి రెండేళ్ళకే మర అరిగిపోయే చవక సరుకు తెచ్చుకుంటాడు. ఈ రెండు ఇళ్ళ మధ్య దారి కలపలేమా అన్నదే మా ప్రశ్న.

అందుకు ముందు వస్తువును గుర్తుపట్టడం రావాలి. పాత వైసుల్లో ముఖ్యంగా రెండు జాతులు. మొదటిది కమ్మరి వాడే లెగ్ వైసు. దానికి ఒక పొడుగాటి కాలు నేలదాకా ఉంటుంది. సమ్మెట దెబ్బ ఆ కాలు గుండా నేలలోకి దిగిపోతుంది, బల్ల అదరదు. కొలిమిలో కాల్చి సాగగొట్టిన ఇనుముతో చేస్తారు గనుక దెబ్బలకు ఓర్చుకుంటుంది. దాని దవడలు కింద కీలు మీద తిరుగుతాయి. అందుచేత బాగా తెరిచినప్పుడు సమానంగా నిలబడవు. రెండోది ఫిట్టరు వాడే బెంచ్ వైసు. దీని ఒళ్ళు పోత ఇనుము. దవడలు ఎంత తెరిచినా ఒకదానికొకటి సమానంగానే ఉంటాయి. వాటికి ఉక్కు పలకలు మరలతో బిగించి ఉంటాయి. పోత ఇనుము బరువును మోస్తుంది గాని సమ్మెట దెబ్బను మోయదు, పగులుతుంది. ఈ ఒక్క తేడా తెలిస్తే సగం విద్య వచ్చినట్టే. వీటి చుట్టాలే పైపులు పట్టుకునే పైప్ వైసు, కర్ర దవడల వడ్రంగి వైసు.

వైసు సైజును దవడ వెడల్పుతో చెబుతారు. నాలుగు అంగుళాలు, ఆరు అంగుళాలు; ఇప్పటి లెక్కలో 100 మిల్లీమీటర్లు, 150 మిల్లీమీటర్లు.

తర్వాత పేరు చూడాలి. మన లాలాగూడ రైల్వే వర్క్‌షాపు 1893లో ఏర్పడింది. ఆ కాలంలో రైల్వే వర్క్‌షాపులకు పనిముట్లు ఎక్కువగా ఇంగ్లండు నుంచే ఓడల్లో వచ్చేవి. అటువంటివి వేలాల్లో చేతులు మారి, హైదరాబాదు జుమ్మేరాత్ బజారులాంటి చోట్ల పాత సామాను మధ్య కనబడుతుంటాయి. లెగ్ వైసు మీద పీటర్ రైట్ అన్న ముద్ర ఉంటే అది ఇంగ్లండులోని డడ్లీ సరుకు. పార్కిన్సన్ అని ఉంటే యార్క్‌షైరులోని షిప్లీది. ఆ వైసుల్లో ఒక మీట ఉంటుంది. అది నొక్కితే సగం నట్టు మరను వదిలేస్తుంది. మర తిప్పే పని లేకుండా దవడను ఒక్క లాగుతో ముందుకు తీయవచ్చు. రికార్డ్ అన్నది షెఫీల్డు పేరు. దాని మీద అంకె కూడా ఉంటుంది. 3 అంటే మూడు అంగుళాలు కాదు, అది మోడలు నంబరు. దాని దవడ నాలుగు అంగుళాలు. అమెరికాలో చార్లెస్ పార్కర్ వైసులు కనెక్టికట్‌లోని మెరిడెన్‌లో తయారయ్యాయి. విల్టన్ కంపెనీ 1941లో షికాగోలో మొదలైంది. పాత విల్టన్ వైసుల్లో జారే కడ్డీ అడుగున నెల, సంవత్సరం కొట్టి ఉంటాయి. వాటిలో కొన్నింటి మీద ఉన్నది తయారైన తేదీ కాదు, ఐదేళ్ళ గ్యారంటీ ముగిసే తేదీ. అందులోంచి ఐదు తీసేస్తే పుట్టిన సంవత్సరం వస్తుంది. మన దేశపు సరుకు తక్కువదేమీ కాదు. పంజాబులోని జలంధరు చేతి పనిముట్లకు పేరున్న ఊరు. పాతకాలపు మంచి దేశీ వైసు ఇంట్లో ఉంటే అదీ దాచుకోదగ్గదే.

పేరు రంగు పొరల కింద మునిగిపోయి కనబడకపోతే గ్రైండరు పెట్టకండి, అక్షరాలే పోతాయి. మా బడిపంతుళ్ళ ఉపాయం ఒకటుంది. సుద్దముక్కను అడ్డంగా పట్టుకుని పైపైన రుద్దండి. ఉబ్బెత్తు అక్షరాలు తెల్లగా లేచి వస్తాయి.

ఇక ఆరోగ్యం చూడాలి. దవడ వెనక మెడ దగ్గర, జారే కడ్డీ అడుగున, బల్లకు బిగించే చెవుల దగ్గర పగుళ్ళు వెతకండి. చిన్న సుత్తితో తడితే గట్టి పోత ఖంగుమంటుంది, పగిలినది బొంగురుగా పలుకుతుంది. పసుపుపచ్చని గీత కనబడితే అక్కడ ఇత్తడితో అతికారన్నమాట. బాగా అతికినది తేలిక పనికి వస్తుంది, కాని ధర తగ్గాలి. మరను తిప్పి చూడండి. కొంచెం ఖాళీ ఆట సహజం. పట్టు జారిపోతుంటే నట్టు అరిగినట్టు. దానికి దిగులు పడనక్కర్లేదు. కొత్త నట్టు కోయడం, దవడలకు కొత్త ఉక్కు పలకలు చేయడం మన లేతు మిస్త్రీల చేతిలో పని.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పగుల్లో లప్పం కూరి, మీద నీలం రంగు కొట్టి, బాగున్న వస్తువని అమ్మేవాళ్ళున్నారు. మన ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లమ్ వారు బజారులో ధాన్యపు రాశిలో చెయ్యి పెట్టి చూస్తే పైన పొడిగా, లోపల తడిగా ఉంది. తడిసినది పైకి కనబడేటట్టు ఎందుకు ఉంచలేదని ఆ వ్యాపారిని నిలదీశారు. లప్పం కూరిన వైసు ఆ రాశిలాంటిదే. అలాగే రెండో వైపు కూడా ఉంది. ఒక వితంతువు ఇంట్లో మంచి వైసు కనబడుతుంది. దాని విలువ మనకు తెలుసు, ఆవిడకు తెలియదు. నోరు మూసుకుని పాత ఇనుము ధరకు తెచ్చుకుంటే అది తెలివి అనిపించుకోదు. "ఆపా, ఇది పాత ఇనుము కాదు, దీనికి ఇంత వస్తుంది" అని చెప్పి కొనండి. సేకరించే సరదా ఉన్నవాళ్ళు ఈ నియమం పాటించకపోతే ఆ సరదాలో బర్కత్ ఉండదు.

బాగుచేయడం ఓర్పు ఉన్న ఎవరైనా చేయవచ్చు. మర పూర్తిగా వెనక్కి తిప్పితే ముందు దవడ బయటికొస్తుంది. చివర్లో కింద చెయ్యి ఆనించాలి, లేకపోతే అది కాలిమీద పడుతుంది. ఏది ఎక్కడిదో ఫోనులో ఫోటోలు తీసుకోండి. మొండికేసిన మరలకు కిరసనాయిలో డీజిలో పోసి రెండు రోజులు వదిలేయండి. బలవంతం చేస్తే తల విరుగుతుంది. పాత రంగులో సీసం ఉండవచ్చు. పొడిగా గీకి దుమ్ము లేపకండి, తడిపి గీకండి, పిల్లల్ని దూరంగా ఉంచండి.

తుప్పు తక్కువైతే వైరు బ్రష్షు చాలు. ఎక్కువైతే కరెంటు పద్ధతి ఉంది. ప్లాస్టిక్ తొట్టిలో నీళ్ళు పోసి బట్టలసోడా కలపాలి. వైసు ముక్కను 12 వోల్టుల బ్యాటరీ ఛార్జరు మైనస్ తీగకు, ఒక మామూలు ఇనుప రేకును ప్లస్ తీగకు తగిలించి, రెండూ తాకకుండా నీళ్ళలో ఉంచాలి. తీగలు తారుమారైతే తుప్పు పోదు సరికదా, వైసే తినేస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు రేకు వాడకూడదు, నీళ్ళలోకి విషం దిగుతుంది. పైకి లేచే బుడగల్లో మండే వాయువు ఉంటుంది గనుక ఆరుబయట పెట్టండి, దగ్గర బీడీ వెలిగించకండి. ముట్టుకునే ముందు ఛార్జరు ఆపండి. పని అయ్యాక కడిగి, ఎండలో ఆరబెట్టి, వెంటనే నూనె రాయండి. ఆలస్యమైతే మళ్ళీ ఎర్రబడుతుంది.

రంగు ఒంటికి మాత్రమే వేయాలి. జారే చోట, దవడల మీద, మర మీద వేయకూడదు. మరకు గ్రీజు, జారే చోట నూనె. ప్రతి గుంటా పూడ్చి పెళ్ళికొడుకులా ముస్తాబు చేయాలన్న ఆరాటం మాత్రం వద్దండి. ఆ మచ్చల్లో కొన్ని పెద్దాయన చేతివి. అవి పట్టుకు అడ్డం రానంతవరకు ఉండనివ్వండి.

బల్లకు బిగించేటప్పుడు దవడల పైభాగం పని చేసేవాడి మోచేతి ఎత్తుకు రావాలి. హ్యాండిలుకు పైపు తొడిగి బిగించకండి. ఆ హ్యాండిలు పొడవు మనిషి చేతి బలానికి లెక్క కట్టి పెట్టింది. పైపుతో తిప్పితే పోత ఇనుము పగులుతుంది. మెత్తని లోహాన్ని పట్టేటప్పుడు రాగి రేకో అల్యూమినియం రేకో దవడలకు తొడగండి.

ఖుర్ఆన్‌లో 57వ సూరా పేరే ఇనుము – అల్ హదీద్. దావూద్ అలైహిస్సలామ్ రాజై ఉండీ ఇనుముతో కవచాలు చేసి, తన చేతి కష్టం తిన్నారని మనం పిల్లలకు చెబుతాం. చెప్పి ఊరుకుంటే సరిపోదు. ఆకురాయి పట్టడం చేతకాని చదువు సగం చదువే. మెడికల్, ఇంజనీరింగ్ సీటు రాని కుర్రవాడు పనికిరానివాడైపోడు. వాడి చేతికొక పని, ఆ పనిని పట్టి ఉంచే ఒక వైసు కావాలి.

సంఘానికి మా మనవి చిన్నదే. మన హాలు వెనక గదిలో గట్టి బల్ల ఒకటి వేయిద్దాం. ఇంట్లో వైసు ఊరికే పడి ఉన్నవాళ్ళు, అమ్ముకోవలసి వచ్చినవాళ్ళు కబాడీవాడికంటే ముందు ఇక్కడ ఒక మాట చెప్పండి. తెలిసిన మిస్త్రీ చూసి న్యాయమైన ధర చెబుతాడు. కొనే స్తోమత లేని ఐటీఐ పిల్లవాడికి సంఘం అరువుగా ఇస్తుంది. వాడు సంపాదించుకున్నాక తిరిగి తెచ్చి ఆ బల్లకే బిగిస్తాడు. ఒక పుస్తకంలో వైసు పేరు, సైజు, దాన్ని వాడిన పెద్దాయన పేరు రాసి పెడదాం. ఆయనకు దువా చేసేటప్పుడు ఏ పని చేసి బతికాడో పిల్లలకు తెలియాలి కదా.

అమానత్ అంటే డబ్బూ నగలే కాదు. తండ్రి వదిలివెళ్ళిన పనిముట్టు కూడా అమానతే. ఈ ఆదివారం ఇంటికెళ్ళి అటకమీద, మెట్లకింద ఒకసారి చూడండి.